నడచు దారులు: కన్వేయరు బెల్టులు

గత సంవత్సరము మా కళాశాల విద్యార్థులను వెంటబెట్టుకొని ఒక బొగ్గు విద్యుత్కేంద్రమును చూడబోయితిని. బాయిలర్లను, టర్బైనులను చూచిన పిమ్మట బొగ్గు వచ్చు దారిని కూడ చూపుమని అడిగితిమి. పొడవైన రేకుల పాకలో, నడుము ఎత్తున, ఒక నల్లని బెల్టు బొగ్గును మోసికొని సాగిపోవుచుండెను. చప్పుడు పెద్దగా లేదు. వేగము కూడ గొప్పదిగా తోచలేదు. ఒక రోలరు దగ్గర ఇరుకుకొన్న చిన్న బొగ్గుపెళ్లను తీయుటకు మా విద్యార్థి యొకడు చేయి చాచెను. ప్రక్కనున్న వృద్ధ కార్మికుడు చటుక్కున అతని భుజము పట్టి వెనుకకు లాగి, "అటు పోవద్దు బాబూ! మెల్లగా పోతున్నట్టే కనపడుతుంది గాని, పట్టుకుందంటే విడవదు" అనెను.

తిరుగు ప్రయాణములో బస్సులో అందరును దానిని గూర్చియే మాటాడుకొనిరి. అంత మెల్లగా నడచు బెల్టు అంత పెద్ద కేంద్రమునకు చాలునంత బొగ్గును ఎట్లు మోయగలదు? అది అంత ప్రమాదకరమెట్లయినది? వారడిగిన ఈ రెండు ప్రశ్నలకు సమాధానమే ఈ వ్యాసము.

బెల్టు నిర్మాణము

కన్వేయరు బెల్టు అనగా రెండు కొనలు కలిపి అతికిన పొడవైన పట్టీ. అది రెండు చివరలనున్న కప్పీల చుట్టును తిరుగుచుండును. ఒక కప్పీని విద్యుత్ మోటారు త్రిప్పును. బెల్టు పై వరుస సరకుతో ముందునకు పోవును. క్రింది వరుస ఖాళీగా వెనుకకు వచ్చును. బరువునకు బెల్టు క్రుంగిపోకుండ పై వరుస క్రింద మీటరు, మీటరున్నర దూరమున కొకటిగా రోలర్లను అమర్చుదురు. ఖాళీ వరుసకు ఇవి దూరదూరముగా నున్నను చాలును.

ఈ రోలర్లలోనే బెల్టు లాభమంతయు ఉన్నది. సమతలముపై ఒక టన్ను బరువును రోలర్లమీద నడపుటకు, అవి చక్కగా తిరుగుచున్నంతవరకు, సుమారు 20, 30 కిలోగ్రాముల లాగుడు చాలును. లారీ తన సొంత బరువును కూడ మోయవలెను. సరకు దించి ఖాళీగా తిరిగి రావలెను. బెల్టునకు ఈ రెండు బాధలును చాల తక్కువ.

పైకి బెల్టు అంతయు రబ్బరే అనిపించును. కాని దానికి బలమునిచ్చునది లోపలి బట్ట. పూర్వము నూలు కాన్వాసు వాడిరి. నేడు పాలియెస్టరు, నైలాను దారములతో నేసిన పొరలను వాడుచున్నారు. రబ్బరు ఆ బట్టకు కవచము. ఈ కవచపు విలువను కనిపెట్టినవాడు అమెరికాకు చెందిన థామస్ రాబిన్స్. 1891 లో అతడు న్యూజెర్సీలో ఎడిసన్ నడుపుచున్న ఇనుప ఖనిజపు కర్మాగారమును చూచెను. అచ్చటి కాన్వాసు బెల్టులు రాళ్ల ఒరిపిడికి త్వరగా చివికిపోవుచుండెను. గట్టి కాన్వాసుకంటె మెత్తని రబ్బరే ఒరిపిడికి ఎక్కువకాలము నిలుచునని రాబిన్స్ గ్రహించి, సరకు పడుచోట మందమైన రబ్బరు పొరను వేసి బెల్టులను తయారు చేసెను. 1900 లో పారిస్ ప్రదర్శనములో అతని కన్వేయరునకు గొప్ప బహుమతి లభించెను.

బెల్టు జారక ఎట్లు నడచును?

కప్పీకి పండ్లు లేవు; బెల్టునకు రంధ్రములు లేవు. నడపునది ఘర్షణ యొక్కటే. పొగరుబోతు గిత్తను నిలుపుటకు రైతు ఏమి చేయును? పలుపును గుంజకు చుట్టి కొనను పట్టుకొనును. అప్పుడు చిన్న బాలుడైనను గిత్తను ఆపగలడు. తాడునకును గుంజకును నడుమ ఘర్షణ గుణకము 0.3 అనుకొందము. ఒక చుట్టు చుట్టినచో బాలుని బలము సుమారు 6½ రెట్లగును. రెండు చుట్లకు 43 రెట్లగును. చుట్టు పెరిగిన కొలది పట్టు కూడికగా గాక హెచ్చవేతగా పెరుగును. ఈ సూత్రమును 18వ శతాబ్దములో ఆయిలర్ అను గణితజ్ఞుడు నిరూపించెను.

బెల్టు కప్పీని సగము చుట్టు మాత్రమే తాకును. అప్పుడు లాగు వైపునకు వదులు వైపుకంటె సుమారు 2.6 రెట్ల బిగువు లభించును. ప్రక్కన చిన్న కప్పీని పెట్టి బెల్టును మరికొంత చుట్టింపగా ఇది 3 రెట్లగును. రెండు కప్పీలను మోటార్లతో త్రిప్పి, రెండింటిమీదను ఇట్లే చుట్టింపగా 9 రెట్ల వరకు పోవును. అయితే వదులు వైపున అసలు బిగువు లేకున్నచో ఎన్ని రెట్లు చేసినను సున్నయే. అందుచే ఆ వైపున ఒక బరువును వ్రేలాడదీసి బెల్టును ఎల్లప్పుడును బిగువుగా ఉంచుదురు. బిగువు చాలనిచో బెల్టు నిలిచిపోయి, కప్పీ మాత్రము దానిక్రింద గిరగిర తిరుగును. అప్పుడు మోటారు శక్తి యంతయు వేడిగా మారును. ఈ మాటను పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను.

ఎన్ని రకములు?

బెల్టుల రకములను సరకే నిర్ణయించును. పెట్టెలు, మూటలు, విమానాశ్రయములో మనము అప్పగించు సామానులు దొర్లవు గనుక వానికి చదునైన బెల్టు చాలును. బొగ్గు, ఇసుక, ధాన్యము చదునైన బెల్టుపై అంచులనుండి రాలిపోవును. అందుచే రోలర్లను మూడు ముక్కలుగా చేసి, ప్రక్క ముక్కలను పైకి వంచి, బెల్టును దోనెవలె నడపుదురు. గనులలోను, ఓడరేవులలోను, సిమెంటు కర్మాగారములలోను మనకు కనబడునవి చాలవరకు ఈ దోనె బెల్టులే.

ఎత్తునకు ఎక్కించునప్పుడు మరియొక చిక్కు కలదు. బొగ్గు సుమారు 18 డిగ్రీల వాలు దాటినచో వెనుకకు జారుట మొదలగును. గుండ్రని గులకరాళ్లకు ఆ మాత్రపు వాలు కూడ పనికిరాదు. అట్టిచోట బెల్టుపై అడ్డగట్లు అతికింతురు. ఇంకను నిట్టనిలువుగా ఎక్కవలెనన్న, రెండంచులకును ముడుతల గోడలు కట్టి, నడుమ అరలు చేయుదురు. దుమ్ము లేచు సరకునకు, మలుపులు తిరిగిన దారికి, బెల్టును గొట్టమువలె చుట్టి నడపు పద్ధతి జపానులో వృద్ధి చెందినది. సరకు లోపల మూయబడియుండును గనుక గాలికి ఎగురదు, వానకు తడువదు.

పదార్థమును బట్టియు భేదములున్నవి. సిమెంటు బట్టీనుండి వచ్చు వేడి క్లింకరునకు వేడిని తట్టుకొను ప్రత్యేకపు రబ్బరు కావలెను. బిస్కత్తులు కాల్చు పొయ్యిలో రబ్బరు నిలువదు. అచ్చట ఇనుప తీగల వల బెల్టులను, పలుచని ఉక్కు రేకు బెల్టులను వాడుదురు. కూరగాయలు, చేపలు కడుగు చోట్ల ప్లాస్టిక్ ముక్కలను చీలలతో కూర్చిన బెల్టులు అనుకూలము. ఒక ముక్క విరిగిన ఆ ముక్కనే మార్చవచ్చును. నీటితో శుభ్రముగా కడుగవచ్చును. మైళ్ల దూరము పోవు బెల్టులలో బట్టకు బదులుగా ఉక్కు తాళ్లను పొదుగుదురు. ఉక్కు బరువునకు అంతగా సాగదు, బట్ట సాగును.

మెల్లని నడక, పెద్ద మోత

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. మీటరు వెడల్పు గల దోనె బెల్టుపై బొగ్గు కుప్ప అడ్డుకోత వైశాల్యము సుమారు 0.1 చదరపు మీటరు. బెల్టు వేగము సెకనుకు 2 మీటర్లు, అనగా గంటకు 7 కిలోమీటర్ల పైచిలుకు అనుకొందము. ఇది వడిగా నడచు మనిషి వేగమే. అయినను సెకనుకు 0.2 ఘనపు మీటరు, గంటకు 720 ఘనపు మీటర్లు సాగిపోవును. ఘనపు మీటరు బొగ్గు 800 కిలోగ్రాములు తూగిన, గంటకు సుమారు 576 టన్నులు! 10 టన్నుల లారీలైనచో నిమిషమున కొకటి చొప్పున, రేయింబవళ్లు వరుస తెగక రావలెను. మన దేశపు బొగ్గును వాడు 500 మెగావాట్ల యూనిటు గంటకు 300 టన్నులకు పైగా బొగ్గును దహించును. ఒక్క బెల్టు దానికి చాలును. రహస్యము వేగములో లేదు, ఎడతెగకుండుటలో ఉన్నది.

బైలదిల్లా కొండల ఇనుప ఖనిజమును విశాఖపట్టణపు రేవులో రైలు పెట్టెలనుండి ఓడలలోనికి చేర్చునవి ఇట్టి బెల్టులే. మేఘాలయలోని సున్నపురాయి సుమారు 17 కిలోమీటర్ల బెల్టుపై సరిహద్దు దాటి బంగ్లాదేశములోని ఛాతక్ సిమెంటు కర్మాగారమునకు పోవుచున్నది. పడమటి సహారాలో బూ క్రా ఫాస్ఫేటు గనినుండి అట్లాంటికు తీరమువరకు, ఒకదాని వెంట ఒకటిగా అమర్చిన బెల్టుల వరుస దాదాపు 100 కిలోమీటర్లు. దారిలో రాలిన తెల్లని పొడి చార ఉపగ్రహ చిత్రములలో సైతము కనబడును.

పట్టుకొన్నచో విడవదు

ఇక రెండవ ప్రశ్న. సెకనుకు 2 మీటర్లు పోవు బెల్టునకును రోలరునకును నడుమ చేతి వ్రేలు చిక్కినదనుకొందము. ఆపద గుర్తెరిగి చేయి వెనుకకు లాగుకొనుటకు మనిషికి అరసెకను పట్టుననుకొన్నను, ఆ లోగా బెల్టు ఒక మీటరు సాగిపోవును. మనిషి చేయి పొడవు మీటరు కూడ లేదు! అనగా మెదడు ఆజ్ఞ ఇచ్చునప్పటికే భుజము వరకు లోనికి పోవచ్చును. ఆ వృద్ధుడు చెప్పిన మాటకు ఇదే లెక్క.

పోనీ, వెంటనే మోటారును ఆపివేసిన? పై లెక్క ప్రకారము ఆ బెల్టు మీటరు పొడవున 80 కిలోగ్రాముల బొగ్గున్నది. 500 మీటర్ల బెల్టుపై 40 టన్నులు కదలుచున్నవి. బ్రేకు వేసినను అంతటి బరువు తక్షణమే నిలువదు. బెల్టు ప్రక్కన పొడవునా ఒక తాడు కట్టియుండును. ఎచ్చట లాగినను మోటారు ఆగును. ఆ తాడు ప్రాణరక్షకమే, కాని అది ఆపద వచ్చిన తరువాతి మందు. రాకుండ కాచునవి రెండు: కప్పీలకు, రోలర్లకు కప్పిన జాలి కంచెలు, శుభ్రము చేయుటకు ముందు విద్యుత్తును త్రుంచి, మీటకు తాళము వేసి, తాళపుచెవిని తన జేబులో వేసికొను అలవాటు.

ఘర్షణ తెచ్చు రెండవ ముప్పు అగ్ని. 1950 సెప్టెంబరు 26 న ఇంగ్లండులోని డెర్బీషైరులో, క్రెస్‌వెల్ బొగ్గుగనిలో, ఒక బెల్టు సరకును మరియొక బెల్టుపై కుమ్మరించుచోట రబ్బరు చిరిగి ముక్కలు ఇరుకుకొనెను. బెల్టు వానిని ఒరసికొనుచునే పోయెను; వేడి పుట్టి మంట లేచెను. కాలు రబ్బరు వెలువరించిన విషవాయువు, ముఖ్యముగా కార్బన్ మోనాక్సైడు, గాలి దారులవెంట వ్యాపింపగా 80 మంది కార్మికులు మరణించిరి. ఆ తరువాత భూగర్భ గనులలో మామూలు రబ్బరునకు బదులు మంటను వ్యాపింపనీయని పి.వి.సి. బెల్టులు వాడుకలోనికి వచ్చినవి. ఇట్టి బెల్టును పరీక్షించు పద్ధతి పాఠకులకు సులభముగనే బోధపడును: బెల్టు ముక్కను కదలకుండ పట్టి, దానిక్రింద ఉక్కు కప్పీని తెగువరకు త్రిప్పుదురు, మంట గాని, కణకణలాడు నిప్పు గాని పుట్టరాదు. జారుచున్న బెల్టును గూర్చి జ్ఞాపకముంచుకొనుమన్న మాట ఇందుకే.

ప్రమాదము బొగ్గునకే పరిమితము కాదు. 2008 ఫిబ్రవరి 7 న అమెరికాలోని జార్జియా రాష్ట్రములో, పోర్ట్ వెంట్‌వర్త్ వద్ద ఒక పంచదార శుద్ధి కర్మాగారములో పేలుడు సంభవించి 14 మంది మరణించిరి. అచ్చట పంచదార గోదాము గోపురముల క్రింద నడచు ఉక్కు బెల్టు చుట్టును, సరకులో మలినము పడకుండ, అంతకు ముందు సంవత్సరమే రేకులు కప్పిరి. ఉద్దేశ్యము మంచిదే, కాని గాలి ఆడక లోపల పంచదార ధూళి చేరెను. గాలిలో కలిసిన సన్నని ధూళి నిప్పు తగిలిన మందుగుండువలె పేలును. రేకులు కప్పుటకు ముందు ధూళి ఎక్కడికి పోవునని ఎవరైన అడిగియుండిన బాగుండెడిది.

కావున బెల్టును ఎన్నుకొను ఇంజనీరు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. ఏమి మోయును? ఏ దారిన పోవును? చిరిగినను, జారినను, ఇరుకుకొన్నను దాని ప్రక్కనున్న మనిషి గతి యేమి? మొదటి రెండింటికి సమాధానము తయారీదారు పట్టికలలో దొరకును. మూడవదానికి దినదినము బెల్టువెంట నడచుచు, తిరుగని రోలరును చెవితో పసిగట్టు కార్మికుని అడుగవలెను. ఆనాడు చేయి చాచిన విద్యార్థి ఈ సంవత్సరము పట్టభద్రుడై ఒక కర్మాగారములో శిక్షణకు చేరినాడు. బెల్టు దగ్గరకు పోవునప్పుడెల్ల తాడు ఎచ్చటనున్నదో ముందు చూచుకొనుచున్నానని మొన్న నాకు వ్రాసెను.