చేలో తోలిన ట్రాక్టరు రోడ్డు మీద తోలవచ్చునా?

యంత్రములు మారినంత త్వరగా అలవాట్లు మారవు. ఒంగోలు జాతి ఎద్దులు సేద్యమునకు ఆధారముగా ఉన్న కాలమున పన్నెండు పదమూడేండ్ల పిల్లవాడు బండి తోలుట సర్వసాధారణము. అందులో వింత లేదు, పెద్ద అపాయమును లేదు. బండి వేగము మనిషి నడకకంటె ఎంతో ఎక్కువ కాదు. ఎద్దులకు ఇంటిదారి తెలియును. ఎదుట అడ్డము వచ్చినచో అవియే నిలిచిపోవును. పిల్లవాడు కునికిపాట్లు పడినను బండి ఇల్లు చేరును. అనగా ఆ బండిని తోలువాని బుద్ధితోపాటు ఎద్దుల బుద్ధియు నడిపించుచుండెను.

ఆ ఎద్దుల స్థానమునకు ట్రాక్టరు వచ్చినది. గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప చేలలో దుక్కి మొదలు పంటను ఇల్లు చేర్చుట వరకు అనేకమైన పనులు నేడు దానివే. కాని “మా వాడు బండి తోలగలడు” అను పాతమాట మాత్రము మారలేదు. బండికి చెల్లిన ఆ మాటనే ట్రాక్టరుకు, మోటారుసైకిలుకు కూడ వర్తింపజేయుచున్నారు. ట్రాక్టరుకు కన్నులు లేవు, ఇంటిదారి తెలియదు. పూర్వము ఎద్దులు మోసిన బాధ్యతలో ఆ భాగము ఇప్పుడు ఎవరిపై పడినది? ఈ ప్రశ్నకు భౌతికశాస్త్రము, మానవశరీరమును గూర్చిన శాస్త్రము, చట్టము మూడును సమాధానము చెప్పుచున్నవి. మూడు సమాధానములును ఒక్క చోటికే చేరుట గమనింపదగినది.

నేల చేయు సహాయము

ఒంగోలునకు సమీపమున సముద్రతీరముననున్న కొత్తపట్నమును ఉదాహరణముగా తీసికొందము. ఇక్కడ ఇసుకనేలలు, సరుగుడుతోటలు, విశాలమైన తీరము ఉన్నవి. లోపలికి పోయినకొలది మెట్టచేలు కనిపించును. ఇట్టి చోట పిల్లలు వాహనము నేర్చుకొనుటకు ఖాళీ స్థలమునకు కొదువ లేదు. చేలో ట్రాక్టరు, ఇసుకలో మోటారుసైకిలు అభ్యసించుట సులభము. పడినను దెబ్బ తక్కువ. ఎదురు వచ్చు వాహనము లేదు. కొద్ది దినములలోనే పిల్లవానికి ధైర్యము, తండ్రికి నమ్మకము కలుగును.

ఈ నమ్మకములోనే ఒక పొరపాటు దాగియున్నది. చక్రము దొర్లుచున్నప్పుడు నేల దానిని కొంత అడ్డగించును. దీనినే దొర్లుడు నిరోధము అందురు. గట్టి తారురోడ్డు మీద ఈ నిరోధము వాహనపు బరువులో నూటికి రెండు వంతులు మాత్రమే ఉండవచ్చును. దున్నిన మెత్తని నేలలో చక్రము దిగబడుటచేత అది నూటికి పదిహేను వంతుల వరకు పెరుగును. గంటకు 20 కిలోమీటర్ల వేగముతో పోవు ట్రాక్టరును క్లచ్చి నొక్కి, బ్రేకు వేయక వదలినామనుకొందము. పై లెక్కనుబట్టి దున్నిన చేలో అది సుమారు 10 మీటర్లలో తనంతట తానే ఆగిపోవును. అదే ట్రాక్టరు సమతలమైన తారురోడ్డు మీద సుమారు 80 మీటర్లు దొర్లును.

చేలో నేర్చిన పిల్లవాడు తానే ట్రాక్టరును ఆపుచున్నానని అనుకొనును. నిజమునకు ఆపుచున్నది నేల. ఇసుకలో మోటారుసైకిలు నేర్చినవాని సంగతియు ఇంతే. రోడ్డెక్కగానే ఈ సహాయము తొలగిపోవును. కాని ఆ సంగతి వాని కాలికి, చేతికి ఇంకను తెలియదు.

రెండు బ్రేకుల కథ

ట్రాక్టరు పొలము కొరకు రూపొందిన యంత్రము. దాని వెనుక చక్రములు రెంటికిని వేరువేరు బ్రేకు పెడళ్ళు ఉండును. చాలు చివర ఇరుకైన చోట మలుపు తిప్పవలసి వచ్చినప్పుడు ఒక ప్రక్క పెడలును మాత్రమే నొక్కుదురు. ఆ ప్రక్క చక్రము నిలిచి, రెండవది తిరిగి, ట్రాక్టరు ఉన్నచోటనే మళ్ళును. పొలములో ఇది గొప్ప సౌకర్యము. రోడ్డు మీద ఇదే ప్రాణాపాయము. వేగముగా పోవుచున్నప్పుడు తొందరలో ఒక్క పెడలే కాలికి తగిలినచో ట్రాక్టరు ఆగుటకు బదులు ఆ ప్రక్కకు విసురుగా తిరుగును. అందుకే రెండు పెడళ్ళను కలిపి బిగించు కొక్కెము ఒకటి అమర్చబడియున్నది. రోడ్డెక్కుటకు ముందు దానిని తప్పక తగిలింపవలెను. చేలో నేర్చినవానికి ఈ కొక్కెముతో పనిపడలేదు గనుక దానిని మరచుట సహజము.

ఇక ట్రాక్టరు నిర్మాణమును చూడుడు. దాని గరిమనాభి నేలకు చాల ఎత్తున ఉండును. మలుపులో వాహనమును బయటికి పడద్రోయు ప్రభావము వేగముతోపాటు సమానముగా పెరగదు. వేగపు వర్గమును అనుసరించి పెరుగును. వేగము రెట్టింపయినచో అది నాలుగు రెట్లగును. అందుచేతనే ట్రాక్టరు బోల్తాపడుట ప్రపంచమంతట సేద్యరంగమున పెద్ద ప్రమాదముగా గుర్తింపబడినది. క్రొత్త ట్రాక్టర్లకు బోల్తాపడినను తోలువానిని కాపాడు ఇనుపచట్రము ఉండవలెనని స్వీడన్ దేశము 1959లోనే శాసించినది.

వెనుక ట్రక్కు తగిలించినప్పుడు కష్టము ఇంకను ఎక్కువ. చాల ట్రక్కులకు స్వంత బ్రేకులు ఉండవు. ముందున్న ట్రాక్టరును ఆపినను వెనుకనున్న బరువు దానిని త్రోయుచునే యుండును. మనుషులు ఎక్కినప్పుడు ఈ సంగతి మరింత భయంకరమగును. 2020 మే 14న ప్రకాశం జిల్లా నాగులుప్పలపాడు మండలములోని రాపర్ల సమీపమున మిరపచేల కూలీలతో వచ్చుచున్న ట్రాక్టరు విద్యుత్ స్తంభమును ఢీకొనగా పలువురు ప్రాణములు కోల్పోయిరి. తోలినవారి వయస్సును విమర్శించుటకు ఇది చెప్పుట లేదు. ట్రక్కులో మనుషులున్నప్పుడు ఒక్క క్షణపు తప్పు ఎందరి ఇండ్లను చేరునో తెలియుటకే చెప్పుచున్నాము. అట్టి వాహనపు చక్రమును పదునైదేండ్ల బాలుని చేతికిచ్చుటకు ముందు ఈ విషయము స్మరింపదగినది.

ఆగుటకు పట్టు దూరము

ఎదుట గేదె అడ్డము వచ్చినది. కన్ను చూచి, మెదడు నిర్ణయించి, కాలు బ్రేకు నొక్కునంతలో ఒకటిన్నర సెకండు గడచిపోవచ్చును. ఆ కాలములో వాహనము ఏమాత్రము వేగము తగ్గక ముందుకు పోవుచునే యుండును. బ్రేకు పట్టిన తరువాత వేగము సెకండు సెకండునకు 3 మీటర్ల చొప్పున తగ్గుననుకొందము.

గంటకు 15 కిలోమీటర్ల వేగమున ఆలోచనకాలములో 6 మీటర్లు, బ్రేకు పట్టినపిదప 3 మీటర్లు, మొత్తము 9 మీటర్లు పోయి వాహనము ఆగును. గంటకు 30 కిలోమీటర్ల వేగమున ఆలోచనకాలములో సుమారు 12 మీటర్లు, బ్రేకు పట్టినపిదప మరి 12 మీటర్లు, మొత్తము 24 మీటర్లు పోవును. వేగము రెట్టింపయినచో బ్రేకుదూరము నాలుగు రెట్లయినది. ఒక గది పొడవున ఆగవలసిన వాహనమునకు ఇప్పుడు రెండు మూడు ఇండ్ల పొడవు కావలసివచ్చినది.

దీనిని పాఠశాలలో సులభముగా ప్రయోగము చేయించవచ్చును. ఒక విద్యార్థి 30 సెంటీమీటర్ల స్కేలును నిలువుగా పట్టుకొనవలెను. రెండవవాడు సున్న గుర్తు వద్ద వ్రేళ్ళను తెరచి ఉంచవలెను. మొదటివాడు చెప్పకుండ స్కేలును వదలగానే రెండవవాడు పట్టుకొనవలెను. స్కేలు 20 సెంటీమీటర్లు జారినచో పట్టిన కాలము సుమారు 0.2 సెకండు. ప్రక్కన ఒక మిత్రుడు మాటలాడుచుండగా, లేక ఎక్కము అప్పగించుచుండగా మరల ప్రయత్నించి, ఫలితములను పోల్చి చూడవలెను. కేవలము వ్రేళ్ళు మూయుటకే ఇంత కాలము పట్టినప్పుడు, చూచి నిర్ణయించి కాలు కదలించుటకు ఎంత పట్టునో విద్యార్థులే ఊహింతురు.

పదునైదేండ్ల మెదడు

బాలునకు చురుకుదనము తక్కువ కాదు. చూపు, చేతివాటము పెద్దలకంటె మిన్నగా ఉండవచ్చును. లోపము అక్కడ లేదు. ముందుచూపు, నిగ్రహము, తొందరను ఆపుకొనుట అను గుణములకు నుదుటి వెనుకనున్న మెదడుభాగము ముఖ్యాధారము. ఆ భాగము ఇరువది ఏండ్లు దాటిన తరువాత కూడ పరిపక్వము చెందుచునే యుండును. మెప్పును, ఉత్సాహమును కోరు భాగములు అంతకు ముందే చురుకుగా పనిచేయును. బండికి వేగము ముందు వచ్చి, బ్రేకు తరువాత వచ్చినట్లు ఈ పరిస్థితి ఉండును.

2005లో అమెరికాలో మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ అను పరిశోధకులు కారు నడుపు ఒక ఆటను వివిధ వయస్సులవారిచేత ఆడించిరి. ఒంటరిగా ఆడినప్పటికంటె తోటివారు చూచుచుండగా ఆడినప్పుడు కౌమారవయస్కులు చాల ఎక్కువ సాహసమునకు దిగిరి. పెద్దవారిలో ఆ మార్పు అంతగా కానరాలేదు. తండ్రి ప్రక్కన కూర్చున్నప్పుడు బుద్ధిగా తోలిన కుమారుడు, స్నేహితులను ఎక్కించుకొన్నప్పుడును అట్లే తోలునని నమ్ముటకు వీలులేదని దీనివలన తెలియుచున్నది. తండ్రి చూచినది ఒక పరీక్ష. రోడ్డు పెట్టునది వేరొక పరీక్ష.

చట్టము ఏమనుచున్నది?

1988 మోటారు వాహనముల చట్టము ప్రకారము బహిరంగ స్థలమున మోటారువాహనము నడుపుటకు 18 ఏండ్లు నిండవలెను, లైసెన్సు ఉండవలెను. బహిరంగ స్థలమనగా తారురోడ్డే కాదు. ప్రజలకు పోవుటకు హక్కుగల ఏ బాటయైనను అందు చేరును. చేనునుండి ఊరికి వచ్చు డొంక కూడ అట్టిదే. “ఊరి పొలిమేర వరకే గదా” అను మాటకు చట్టములో చోటులేదు. ట్రాక్టరు పొలపు పనిముట్టు గనుక లైసెన్సు అక్కరలేదనుటయు సరికాదు. చట్టము దానిని మోటారువాహనముగానే పరిగణించుచున్నది.

16 ఏండ్లవారికి ఒక మినహాయింపు కలదు. 50 సీసీకి మించని ఇంజనుగల మోటారుసైకిలును వారు లైసెన్సు పొంది నడుపవచ్చును. పల్లెలలో చాలమంది దీనిని విని, చిన్నబండి ఏదైనను చెల్లునని అనుకొందురు. పూర్వపు టీవీఎస్ 50 కాలమున ఆ మాటకు కొంత ఆధారము ఉండెను. నేడు చేలగట్ల మీద కనిపించు ఎక్సెల్ 100 ఇంజను దాదాపు 100 సీసీ. కావున పదహారేండ్ల బాలునకు అది చెల్లదు.

2019లో ఈ చట్టమునకు 199-ఎ అను క్రొత్త సెక్షను చేర్చబడినది. ఆ సంవత్సరము సెప్టెంబరు 1 నుండి అది అమలులోనికి వచ్చినది. బాలుడు వాహనముతో నేరము చేసినచో అతని సంరక్షకుడు లేక వాహన యజమాని దోషిగా భావింపబడును. శిక్ష మూడేండ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. వాహనపు రిజిస్ట్రేషను 12 నెలలు రద్దగును. ఆ బాలునకు 25 ఏండ్లు నిండువరకు లైసెన్సు లభింపదు. తనకు అర్హతగల వాహనమును తగిన లైసెన్సుతో నడుపుచున్న బాలుని విషయమున ఈ శిక్షలు వర్తింపవు.

ఇందు ఒక సూక్ష్మము గమనింపదగినది. బాలుడు వాహనము తీసికొనుట పెద్దల అనుమతితోనే జరిగినదని న్యాయస్థానము మొదట భావించును. తనకు తెలియదనియో, ఆపుటకు తగిన జాగ్రత్తలన్నియు తీసికొంటిననియో ఋజువు చేసికొనవలసినది పెద్దలే.

నష్టపరిహారము సంగతి ఇంకను తీవ్రమైనది. బంధువు మోటారుసైకిలును లైసెన్సులేని బాలుడు నడుపగా ఒకరు మరణించిన కేసులో సుప్రీంకోర్టు 2011లో తీర్పు చెప్పినది. తాళపుచెవిని తనకు తెలియకుండ తీసికొనిపోయెనని యజమాని వాదించెను. ఆ వాదము నిలువలేదు. వాహనము అనర్హుల చేతికి పోకుండ చూచుట యజమాని బాధ్యతయని, బీమా కంపెనీ బాధితులకు చెల్లించిన సొమ్మును యజమాని నుండి రాబట్టుకొనవచ్చునని తేలినది. ఒక్కపూట కూలి మిగుల్చుకొనబోయి చేనే అమ్ముకొనవలసిన స్థితి ఇట్లే ఏర్పడును.

తాళపుచెవి ఎవరిదో బాధ్యత వారిది

మిరపకోతల కాలములో, పత్తితీతల కాలములో మనుషులు దొరకక రైతు పడు ఇబ్బంది నిజమైనదే. పిల్లవాడు పనిలో సాయపడవలెనని కోరుటయు తప్పు కాదు. కాని చేయదగిన సాయము వేరు, ఈ సాయము వేరు. ట్రాక్టరు తాళపుచెవిని గూటిలో వదలక పెద్దల వద్దనే ఉంచుకొనుట, లైసెన్సుగలవారినే రోడ్డు మీద తోలనిచ్చుట, బాలుని బడికి సైకిలు మీదనో బస్సులోనో పంపుట - ఇవి ఖర్చులేని జాగ్రత్తలు. పదునెనిమిదేండ్లు నిండిన పిదప లైసెన్సు ఇప్పించి, మొదట కొన్నాళ్ళు ప్రక్కనుండి రోడ్డుమీదనే నేర్పుట తండ్రి చేయవలసిన అసలైన సాయము.

మన దేశమున 2022 ఒక్క సంవత్సరములో రోడ్డు ప్రమాదములవలన 1,68,491 మంది మరణించిరి. ప్రపంచమున 5 మొదలు 29 ఏండ్ల లోపువారి మరణములకు రోడ్డు ప్రమాదములే ప్రథమ కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలుపుచున్నది. ఈ సంఖ్యను తగ్గించుటలో పోలీసుల పాత్ర కొంత, ఉపాధ్యాయుల పాత్ర కొంత కలదు. కాని వాహనము ఇల్లు కదలుటకు ముందే దానిని ఆపగలవారు ఇంటివారు మాత్రమే. ఎద్దులబండి కాలమున పిల్లవాని పొరపాటును ఎద్దులు సరిదిద్దెడివి. యంత్రము ఆ పని చేయజాలదు. పిల్లవానికి ఆ వివేకము పండువరకు అతని బదులు పెద్దలే ఆ పని చేయవలెను.