రికార్డింగులో రొద: దాని పుట్టుపూర్వోత్తరాలు

ఈ రోజుల్లో పాట రికార్డు చేయడానికి స్టూడియో దాకా పోనక్కర్లేదు. ఒక మైకు, ఒక కంప్యూటరు ఉంటే చాలు, తలుపేసుకున్న హాస్టలు గదే స్టూడియో. చిక్కంతా తీరా విని చూసుకున్నప్పుడు వస్తుంది. పాట వెనకాల "మ్‌మ్" మని ఒకటే రొద! మనవాళ్ళు వెంటనే కొత్త మైకు కొంటారు, లేదా కంప్యూటర్లో ఏదో ఫిల్టరు పెట్టి తుడిచేయబోతారు. నన్నడిగితే రెండూ తొందరపాటే. ముందు ఆ రొదను శ్రద్ధగా వినాలి. తన పుట్టిల్లు ఎక్కడో అదే చెబుతుంది.

మైకు నుంచి వచ్చే సంకేతం చాలాసార్లు ఒకటి రెండు మిల్లీవోల్టులకు మించదు. గోడలో పారే కరెంటు 230 వోల్టులు. అంటే ఒక మిల్లీవోల్టుకు 2,30,000 రెట్లు! ఆ కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంటే, దాని చుట్టూ ఉండే విద్యుత్ క్షేత్రమూ, అయస్కాంత క్షేత్రమూ కూడా ఊగుతూ మైకు తీగలో ఎంతో కొంత సంకేతాన్ని పుట్టిస్తాయి. పాటతోబాటు దాన్నీ యాంప్లిఫయరు పెంచి పెద్ద చేస్తుంది. దానికి తన పర భేదం తెలియదు గదా!

రొద మెత్తగా, లోతుగా ఉంటే మైకు తీగ ఏ అడాప్టరు పక్కనుంచో, కరెంటు తీగ వెంబడో పోతోందేమో చూడండి. మూరెడు దూరం జరిపితే తేడా తెలుస్తుంది. తప్పక దాటవలసి వస్తే కూడిక గుర్తులా అడ్డంగా దాటించాలి. కందిరీగలా "జుర్ర్" మంటే ఫ్యాను రెగ్యులేటరును అనుమానించాలి. ట్రయాక్ ఉన్న రెగ్యులేటరు కరెంటును సెకనుకు 100 సార్లు తుంచి తుంచి వదులుతుంది. తాతలనాటి పెద్ద పెట్టె రెగ్యులేటర్లకు ఈ జబ్బు లేదు, ఒళ్ళు కాలడం తప్ప! "టక టక బర్ర్" మని విడతలు విడతలుగా వస్తే సెల్‌ఫోను పని. 2జీ పద్ధతిలో ఫోను మాట్లాడేటప్పుడు సెకనుకు సుమారు 217 సార్లు తరంగాలను విసురుతుంది. ఫోను అవతలి గదిలో పెడితే సరి. అలాకాక సన్నగా కీచుమంటూ, మౌసు కదిపినప్పుడల్లా స్వరం మారుస్తుంటే అది కంప్యూటరు లోపలి గోలే. యూఎస్‌బీ తీగలో సమాచారం సెకనుకు 1000 లేక 8000 విడతలుగా నడుస్తుంది, ఆ నడక చప్పుడే మనకు వినపడేది. వేరే పోర్టుకు మార్చి చూడాలి, లేదా తనకంటూ వేరే కరెంటు ఉన్న హబ్బు మధ్యలో పెట్టాలి.

అన్నిట్లోకీ మొండిది ఎర్తు లూపు. మిక్సరు ఒక గోడ ప్లగ్గులో, కంప్యూటరు ఇంకో గోడ ప్లగ్గులో ఉన్నాయనుకోండి. రెండింటికీ ఎర్తు ఉంది. ఆడియో తీగ పైతొడుగు వాటిని మళ్ళీ కలిపేసరికి ఒక చుట్టు పూర్తవుతుంది. రెండు ఎర్తుల మధ్య కొద్దిపాటి వోల్టేజి తేడా ఉన్నా ఆ చుట్టులో కరెంటు పారి, రొదగా వినిపిస్తుంది.

నిరుటి వేసవిలో మా ఊళ్ళో హరికథలు చెప్పే దాసుగారి పాట రికార్డు చేయబోతే మాకెదురైంది ఇదే. ఆయనకు ఎనభై దాటాయి, మళ్ళీ కూర్చోబెట్టగలమన్న భరోసా లేదు. మిత్రుడొకడు మిక్సరు ప్లగ్గుకున్న ఎర్తు పిన్ను విరిచేద్దామని కటింగ్ ప్లేయరు తీశాడు. నేను లాక్కున్నాను. పిన్ను విరిస్తే రొద పోతుంది, నిజమే. కాని మిక్సరు లోపల కరెంటు తీగ ఊడి లోహపు పెట్టెకు తగిలిన నాడు కాచేదేముంది? ఆ సన్నపాటి ఆడియో తీగే. అదీ ఊడిందా, పెట్టెకూ, దానితో కలిసి ఉన్న మైకు జల్లెడకూ 230 వోల్టులు వచ్చినట్టే. ఆ జల్లెడ ఉండేది పాడేవారి పెదవుల దగ్గర!

చేసిందల్లా ల్యాప్‌టాప్ చార్జరు పీకి బ్యాటరీ మీద నడపడం. రొద ఠక్కున ఆగింది, రోగమేమిటో కూడా తేలిపోయింది. బ్యాటరీ చాలని పక్షంలో రెండు ప్లగ్గులూ ఒకే ఎక్స్‌టెన్షను బోర్డుకు పెట్టండి. దానికీ లొంగకపోతే ఆడియో తీగ మధ్య ఒకటికి ఒకటి ట్రాన్స్‌ఫార్మరు పెడతారు. అందులో రెండు చుట్లకూ తీగ సంబంధం లేదు, పాట మాత్రం అయస్కాంత మార్గాన దాటుతుంది.

"ఇంత తంటా ఎందుకు, తర్వాత ఫిల్టరు వేసుకోవచ్చుగా?" అన్నాడు మా వాడు. దాసుగారి శ్రుతి హార్మోనియం మీద ఒకటి. అంటే షడ్జమం సుమారు 131 హెర్ట్జ్, తంబురాలో మంద్ర పంచమం 98. రొదలో 50తో పాటు 100, 150, 200 కూడా ఉంటాయి. 98, 100 కలిస్తే ఇంటర్లో చదువుకున్న విస్పందనాలే, సెకనుకు రెండుసార్లు ఊగిసలాట. 100ను కోయబోతే తంబురా పంచమానికీ కత్తి తగులుతుంది. పైన ఉన్నవి కోస్తే గొంతే పలచబడుతుంది.

తీగ కొనేటప్పుడు మాత్రం మూడు పిన్నుల బ్యాలెన్స్‌డ్ తీగ అడగండి. అందులో జంట తీగలు మెలివేసి ఉంటాయి. రొద రెండింటిలోనూ ఒకేలా పడుతుంది, అవతలి కొసన ఒకదానిలోంచి ఇంకోటి తీసేస్తే రొద సున్నా, పాట మిగులుతుంది. పాడేవారు రాకముందే అరనిమిషం ఖాళీ గదిని రికార్డు చేసి, హెడ్‌ఫోను పెట్టుకు వినండి. ఆడాసిటీ అనే ఉచిత ప్రోగ్రాములో ఆ ముక్క పౌనఃపున్యాలను గ్రాఫుగా కూడా చూడవచ్చు. 50 దగ్గరా, 100 దగ్గరా మేకుల్లా నిలబడితే పాట మొదలుపెట్టకుండా ప్లగ్గుల దగ్గరికి వెళ్ళండి.