వెల్డింగు వెలుగు – నేత్ర రక్షణ

ఒకప్పుడు నాగలి కర్రుకు పదును పెట్టించుటకు కమ్మరి కొలిమికి పోవలసి వచ్చేది. నేడు ట్రాక్టరు గొర్రు విరిగినా, దమ్ము చక్రం చీలినా పొలం గట్టుననే వెల్డింగు చేయించుకొంటున్నారు. పని త్వరగా ముగుస్తున్నది. కాని పనివానికే కాక, ప్రక్కన పట్టుకొన్న రైతుకు, వేడుక చూచే పిల్లలకు కూడ నేత్రబాధ సంక్రమిస్తున్నది.

బాధ లక్షణాలు

విద్యుత్ వెల్డింగు వెలుగులోని అతినీలలోహిత కిరణాలు, ఎండకు చర్మం కమిలినట్లు నల్లగుడ్డు పైపొరను కమిలింపజేస్తాయి. బాధ వెంటనే తెలియదు. సాధారణంగా 6 నుండి 12 గంటల తరువాత, అనగా పగలు వెలుగును చూచినవారికి రాత్రివేళ, రెండు కళ్ళలోను ఇసుక పోసినట్లు గరగర, ధారగా నీరు, దీపం చూడలేనితనం కలుగుతాయి. ఇది ప్రాయికంగా ఒకటి రెండు రోజులలో ఉపశమిస్తుంది.

చేయదగినవి, చేయకూడనివి

రోగిని చీకటిగదిలో ఉంచి, మూసిన రెప్పలపై చన్నీట తడిపిన శుభ్రమైన గుడ్డను వేయవలెను. సుశ్రుతుడు ఉత్తరతంత్రంలో 76 నేత్రరోగాలను వివరించి, కంటి దెబ్బలకు 19వ అధ్యాయాన్ని ప్రత్యేకించి, అందు శీతలోపచారాలను విధించినాడు.

ఆ శాస్త్రంలో చనుబాలు, తేనెల ప్రస్తావన ఉన్నమాట నిజమే. అయితే అవి వైద్యుడు పరీక్షించి చేయవలసిన విధులు. పైపొర చెదిరిన కంటిలో ఇంటివారు పోసే చనుబాలు, ఆముదం, ఉల్లిరసం, నందివర్ధనం రసం క్రిములకు దారి తీసి, తగ్గవలసిన బాధను పుండుగా మార్చగలవు. త్రిఫల కషాయంతో కడుగుట కూడ ఈ సమయంలో వలదు. మొద్దుబార్చే చుక్కలను దుకాణంలో కొని వాడరాదు. అవి నొప్పిని మరపించి, గాయం మానకుండ చేస్తాయి.

ఒక కంటిలోనే బాధ ఉన్నా, చూపు మసకబారినా, ఒక రోజులో ఉపశమనం కలుగకున్నా నేత్రవైద్యుని చూడవలెను.

ఇనుప రజను పడినచో

గ్రైండరు నుండి, సుత్తిదెబ్బ నుండి ఎగిరిన రజను గ్రుచ్చుకొన్నచో కన్ను నలుపరాదు. చీరకొంగుతోను, అగ్గిపుల్లతోను, అయస్కాంతంతోను తీయరాదు. కంటికి ఒత్తిడి తగులకుండ కాగితపు కప్పును అడ్డుపెట్టి, ఆ దినముననే వైద్యుని వద్దకు కొనిపోవలెను. లోపలికి చొచ్చిన ఇనుము నొప్పి లేకున్నను క్రమంగా చూపును హరించగలదు.

ముందు జాగ్రత్త

చలువ కళ్ళద్దాలు చాలవు. వెల్డింగు చేయువాడు, సహాయకుడు 10 లేదా అంతకు మించిన సంఖ్యగల వడపోత అద్దమున్న ముసుగు ధరించవలెను. చిట్టెం రాలగొట్టునపుడు, గ్రైండరు పట్టునపుడు ప్రక్కలు మూసిన పారదర్శకమైన కళ్ళజోడు తప్పనిసరి. పని జరుగుచోట మందపు టార్పాలిన్ అడ్డుకట్టి, పిల్లలను దూరముగా ఉంచవలెను.

గొర్రు విరిగిన మరల అతుకవచ్చును. కంటికి అట్టి అతుకు లేదు.