రహీమ్ సాబ్ తర్వాత ఎవరు?

జుమా నమాజు ముగిశాక నాంపల్లి స్టేషన్ చుట్టుపక్కల ఇరానీ హోటళ్లలో చోటు దొరకడం కష్టం. ఒక చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లతో మొదలైన కబుర్లు ఎక్కడెక్కడికో పోతాయి. ఫుట్‌బాల్ మాట వచ్చిందంటే మాత్రం చివరికి ఒకే ప్రశ్న దగ్గర ఆగుతాయి. కొత్త కోచ్ ఎవరు?

2025 జూలైలో ఈ ప్రశ్న దేశమంతటా వినిపించింది. స్పెయిన్‌కు చెందిన మనోలో మార్కెజ్ భారత జట్టు శిక్షక పదవి నుంచి తప్పుకున్నారు. ఆ ఖాళీకి నూట డెబ్భై దరఖాస్తులు వచ్చాయన్నారు. వాటిలో ప్రపంచ ప్రఖ్యాత శిక్షకులు గ్వార్డియోలా, జావీల పేర్లు కూడా ఉన్నాయని వార్త పొక్కింది. నాలుగు రోజులు అదే చర్చ. చివరికి ఆ రెండూ ఎవరో ఆకతాయి పంపిన బూటకపు ఈమెయిళ్లని ఫుట్‌బాల్ సమాఖ్యే తేల్చింది. ఆగస్టు 1న ఆ బాధ్యత ఖాలిద్ జమీల్‌కు దక్కింది. 2012లో సావియో మెదీరా దిగిపోయాక పదమూడేళ్లకు మళ్లీ ఒక భారతీయుడు ఆ కుర్చీలో కూర్చున్నాడు.

సంతోషించవలసిన విషయమే. అయితే ఆబిడ్స్, నాంపల్లి ప్రాంతాల పెద్దలకు ఈ ప్రశ్న కొత్తది కాదు. ఇక్కడ దాని వయసు అరవై ఏళ్లు దాటింది. 1963 జూన్ 11న సయ్యద్ అబ్దుల్ రహీమ్ క్యాన్సర్‌తో కన్నుమూసిన నాడే అది పుట్టింది.

రహీమ్ సాబ్ 1909లో హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, బడిపంతులుగా జీవితం ప్రారంభించారు. 1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడయ్యారు. ఆ ఏడాదే జట్టు మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్పు గెలిచింది. 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు హైదరాబాదుకే వచ్చింది.

భారత జట్టు విషయం చెప్పనే అక్కర్లేదు. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. 1962 జకార్తాలో మళ్లీ స్వర్ణం. జకార్తాకు బయలుదేరేనాటికే ఆయనను జబ్బు పట్టుకుంది. అక్కడ తొలి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓటమి ఎదురైంది. రక్షణ వరుసలో ఆడే జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. బంతిని తలతో అడ్డుకునే పని అతనికిక కష్టమని గ్రహించి రహీమ్ సాబ్ అతణ్ణి ముందు వరుసకు పంపారు. సెమీఫైనల్లోనూ, ఫైనల్లోనూ జర్నైల్ గోల్ కొట్టాడు. తొలి రోజు ఓడించిన కొరియానే ఫైనల్లో 2-1తో ఓడించాం. ఆ జట్టులో మన యూసుఫ్ ఖాన్, అఫ్జల్, అమ్ముగూడ తులసీదాస్ బలరామ్ ఉన్నారు. ఆ తర్వాత ఆసియా క్రీడల్లో ఫుట్‌బాల్ స్వర్ణం మనకు రాలేదు.

ఇంతటి శిక్షకుని రహస్యం ఏమిటి? పెద్ద రహస్యమేమీ లేదు. ఆయన బడి నుంచి వచ్చిన మాస్టారు. పిల్లవాడికి లెక్క రాకపోతే పంతులు ఏం చేస్తాడు? ఆ లెక్కనే మళ్లీ మళ్లీ చేయిస్తాడు. ఆయనా అదే చేశారు. బంతిని ఎక్కువసేపు కాలి దగ్గరే ఉంచుకునే అలవాటు మాన్పించడానికి డ్రిబ్లింగ్ నిషిద్ధమని నియమం పెట్టి పోటీలు నడిపారు. కుడికాలుతో మాత్రమే ఆడేవారి కోసం ఎడమకాలితోనే తన్నాలని మరో పోటీ. 1952 హెల్సింకీలో యుగోస్లావియా చేతిలో 1-10తో ఓడింది కూడా ఆయన జట్టే. ఆ ఓటమికి ఆయనను ఇంటికి పంపి ఉంటే మెల్బోర్న్ లేదు, జకార్తా లేదు. పోలీసు జట్టు పదమూడేళ్లపాటు, ఆయన కడశ్వాస వరకు, ఆయన చేతిలోనే ఉంది. ఉస్తాద్‌కు వ్యవధి ఇచ్చారు, షాగిర్దులు తయారయ్యారు.

ఆ తర్వాత కొందరు ఆ దీపాన్ని కొంతకాలం ఆరకుండా కాపాడారు. హైదరాబాదుకే చెందిన సయ్యద్ నయీముద్దీన్ 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టుకు నాయకుడు. ఆటగాడిగా అర్జున, శిక్షకుడిగా ద్రోణాచార్య అందుకుని, భారత జట్టుకు కోచ్‌గానూ పనిచేశారు. షబ్బీర్ అలీ శిక్షణలో గోవాకు చెందిన సల్గావ్‌కర్ జట్టు 1998-99లో జాతీయ లీగ్ గెలిచింది. రహీమ్ సాబ్ కుమారుడు సయ్యద్ షాహిద్ హకీమ్ రోమ్ ఒలింపిక్స్ బృందంలో ఉన్నారు, 2021లో కన్నుమూశారు. వారి తర్వాత వరుస పలుచబడింది.

ఇక మన కళ్లముందు జరిగిన కథ వినండి. 2019లో హైదరాబాద్ ఎఫ్.సి. అనే క్లబ్బు వెలసింది. తొలి ఏడాది ఇంగ్లండ్ శిక్షకుడు ఫిల్ బ్రౌన్‌ను సీజన్ మధ్యలోనే తొలగించారు, జట్టు అట్టడుగున నిలిచింది. ఆల్బర్ట్ రోకా వస్తున్నారని ప్రకటించారు. ఆయన ఇక్కడ ఒక్క మ్యాచ్ అయినా నడపకుండానే బార్సిలోనాకు వెళ్లిపోయారు. అప్పుడు వచ్చినవాడు మనోలో మార్కెజ్. ఆయనకు మూడు సీజన్లు దక్కాయి. మొదటి ఏడాది ఐదో స్థానం, రెండో ఏడాది 2022 మార్చి 20న కేరళ బ్లాస్టర్స్‌పై పెనాల్టీల్లో గెలిచి ఐ.ఎస్.ఎల్. విజేత, మూడో ఏడాది లీగ్‌లో రెండో స్థానం.

ఆయన వెళ్లాక క్లబ్బు ఆర్థిక ఇబ్బందుల్లో పడింది. ఆటగాళ్లు ఒక్కొక్కరుగా తరలిపోయారు. కోనర్ నెస్టర్, తాంగ్‌బోయ్ సింగ్టో, షమీల్ చెంబకత్ ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. 2023-24లో జట్టు గెలిచింది ఒక్క మ్యాచ్. 2025లో క్లబ్బే ఢిల్లీకి తరలి, పేరు కూడా మార్చుకుంది. గచ్చిబౌలి మైదానంలో పసుపు చొక్కాలతో కేరింతలు కొట్టిన పిల్లలకు తమదని చెప్పుకునే జట్టు లేకుండా పోయింది.

ఇదే మార్కెజ్ 2024 జూలైలో భారత జట్టుకు కోచ్ అయ్యారు. అప్పుడు గోవా క్లబ్బు బాధ్యత కూడా ఆయనదే. తొలి మ్యాచ్‌లు మన గచ్చిబౌలిలోనే జరిగాయి. మారిషస్‌తో 0-0, సిరియా చేతిలో 0-3. మొత్తం ఎనిమిది మ్యాచ్‌ల్లో ఒకే ఒక్క గెలుపు. శిక్షకుడు ఒక్కడే, ఫలితాలు రెండు. హైదరాబాదులో ఆటగాళ్లు రోజూ ఆయన కళ్లెదుట ఉన్నారు. భారత జట్టు మాత్రం అప్పుడప్పుడు కొన్ని రోజులే చేతికి దొరికింది.

ఖాలిద్ జమీల్ గడించిన పేరు వెనుకా ఈ సత్యమే ఉంది. 2009 నుంచి 2016 వరకు ఆయన ముంబై ఎఫ్.సి. అనే ఒకే జట్టును పట్టుకుని పని నేర్చుకున్నారు. మరుసటి ఏడాదే మిజోరం చిన్న క్లబ్బు ఐజ్వాల్‌ను ఐ-లీగ్ విజేతగా నిలిపారు. భారత కోచ్ అయిన నెల రోజులకే మధ్య ఆసియా టోర్నీలో ఒమన్‌ను పెనాల్టీల్లో ఓడించి మూడో స్థానం సాధించారు. అక్టోబరులో సింగపూర్ చేతిలో 1-2తో ఓడి 2027 ఆసియా కప్ అవకాశం చేజారింది. గెలిచిన నాడు భుజాన మోసి, ఓడిన నాడు దించమనడం మనకు అలవాటు. హెల్సింకీ నాటి రహీమ్ సాబ్‌ను ఒక్కసారి గుర్తు చేసుకుంటే ఆ తొందర తగ్గుతుంది.

మరి మనం చేయగలిగింది ఏమైనా ఉందా? ఉంది. తల్లిదండ్రులు బిడ్డను మైదానానికి పంపేటప్పుడు బూట్ల ధర అడుగుతారు, బస్సు చార్జీ లెక్క వేస్తారు. నేర్పేవాడెవరని అడిగేవారు తక్కువ. సమాఖ్య శిక్షకులకు డి లైసెన్సు మొదలు సి, బి, ఎ, ప్రో వరకు మెట్లున్నాయి. మీ బస్తీ కోచ్ ఏ మెట్టు మీద ఉన్నాడో అడగండి. ఎన్నేళ్లుగా అదే మైదానంలో ఉన్నాడో కూడా అడగండి. ఆట మీద ప్రాణం పెట్టి, ఆటగాడిగా ఎదగలేకపోయిన కుర్రవాడు ఇంట్లో ఉంటే, కాలం వృథా చేశావని దెప్పకండి. అతనికి డి లైసెన్సు దారి చూపండి. మీ ఆడపిల్లకు ఆ ఆసక్తి ఉంటే ఆమెకూ చూపండి.

ఆబిడ్స్ నుంచి లాల్ బహదూర్ స్టేడియం వరకు నడిస్తే పది నిమిషాలు పట్టదు. పెద్దవాళ్లు దాన్ని ఇంకా ఫతే మైదాన్ అనే అంటారు. ఈసారి అటు వెళ్తే పిల్లల చేయి పట్టుకుని, ఈ ఊరి బడిపంతులు ఒకాయన ఆసియాను రెండుసార్లు గెలిచాడని చెప్పండి. ఆయన తర్వాత ఎవరన్న ప్రశ్నకు జవాబు దరఖాస్తుల కట్టలో దొరకదు. ఏదో ఒక బస్తీ మైదానంలో, ఓపికగా నేర్పే ఉస్తాద్ దగ్గర తయారు కావాలి.