సరిపోయేంత ల్యాప్‌టాప్

పౌర్ణమి వస్తుందంటే హైదరాబాద్ నుంచి అరుణాచలానికి, అంటే తిరువణ్ణామలైకి, ఆర్టీసీ ప్రత్యేక బస్సులు వేస్తుంది. గిరిప్రదక్షిణ చేసి, రమణాశ్రమంలో కాసేపు కూర్చుని వచ్చేవాళ్లు మన ఇబ్రహీంపట్నం వైపు కూడా బాగానే ఉన్నారు. ఇవాళ ఇంజినీరింగ్ పిల్లల భుజాన వేలాడే ల్యాప్‌టాప్ పుట్టుకలో ఆ తిరువణ్ణామలైకి కొంచెం వాటా ఉందంటే మాత్రం చాలామంది నమ్మరు.

రమణ మహర్షి జీవితచరిత్ర రాసిన ఆంగ్లేయ భక్తుడు ఆర్థర్ ఆస్బర్న్. ఆయన కొడుకు ఆడమ్ 1939లో బ్యాంకాక్‌లో పుట్టాడు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సైన్యం తండ్రిని నిర్బంధించింది. ఆ కాలమంతా తల్లి పిల్లలతో తిరువణ్ణామలైలోనే ఉండిపోయింది. తమిళం మాట్లాడుతూ అక్కడ పెరిగిన ఆ పిల్లవాడు తర్వాత ఇంగ్లండ్‌లో కెమికల్ ఇంజినీరింగ్ చదివాడు, అమెరికాలో డాక్టరేట్ చేశాడు, మైక్రోప్రాసెసర్ల మీద పుస్తకాలు రాసి పేరు తెచ్చుకున్నాడు. 1981లో తన పేరుతోనే ఒక కంప్యూటర్ తెచ్చాడు. అదే ఆస్బర్న్ 1. చేత్తో పట్టుకుని ఊరు దాటించగల కంప్యూటర్లలో జనం విరగబడి కొన్న మొదటిది అదే.

ఇప్పుడు చూస్తే నవ్వొస్తుంది. బరువు సుమారు 11 కిలోలు. పెట్టె మూతకే కీబోర్డు అమర్చారు. మూత ఊడదీస్తే 5 అంగుళాల తెర, దానికి రెండు పక్కలా ఫ్లాపీ డ్రైవులు. మెమరీ 64 కిలోబైట్లు. లోపల బ్యాటరీ లేదు, ప్లగ్గు దొరికితేనే పని. తెర మీద వరుసకు 52 అక్షరాలే పడతాయి. అంతకంటే పొడుగు లైను చదవాలంటే పక్కకు జరుపుకుంటూ పోవాలి. ధర 1,795 డాలర్లు. అయితే వర్డ్‌స్టార్, సూపర్‌కాల్క్ లాంటి సాఫ్ట్‌వేర్లు అందులోనే కలిపి ఇచ్చాడు. విడిగా కొంటే వాటికే దాదాపు అంత అయ్యేది. యంత్రాన్ని రూపొందించిన లీ ఫెల్సెన్‌స్టైన్ కూడా కొత్త భాగాలేవీ కనిపెట్టలేదు, బజార్లో దొరికేవాటినే పొందిగ్గా కూర్చాడు. పనికి సరిపడా ఉంటే చాలు, ఆ పైనదంతా హంగు. ఇదీ ఆస్బర్న్ సిద్ధాంతం. ఒక దశలో నెలకు 10,000 యంత్రాలు అమ్ముడుపోయాయి.

ఆ వైభవం రెండేళ్లు కూడా నిలవలేదు. రాబోయే మోడల్ గురించి ఆస్బర్న్ ముందుగానే గొప్పగా చెప్పడంతో, అది వచ్చాకే కొందామని జనం ఆగిపోయారు. పాత సరుకు గోదాముల్లో మిగిలిపోయి 1983 సెప్టెంబరులో కంపెనీ ఐపీ పెట్టింది. ఆస్బర్న్ 1 కంటే పెద్ద తెరతో వచ్చిన కేప్రో, ఐబీఎం పీసీ సాఫ్ట్‌వేర్ నడిపే కాంపాక్ కూడా దాన్ని దెబ్బతీశాయి. అయినా వ్యాపార పాఠాల్లో మిగిలింది ‘ఆస్బర్న్ ఎఫెక్ట్’ అన్న పేరే. ఆయన చివరికి ఇండియాకే తిరిగొచ్చి, 2003లో కొడైకెనాల్‌లో కన్నుమూశాడు.

ఆస్బర్న్ సిద్ధాంతానికి సరిగ్గా ఎదురుదారిలో పుట్టింది గ్రిడ్ కంపాస్. బిల్ మాగ్రిడ్జ్ రూపకల్పన, 1982లో విడుదల. తెర కీబోర్డు మీదికి మడతపడే నేటి ఆకారం దానిదే. మెగ్నీషియం ఒళ్లు, సుమారు 5 కిలోల బరువు. అమెరికా అంతరిక్ష నౌకల్లో కూడా ప్రయాణించింది. ధర మాత్రం 8,150 డాలర్లు! బరువు తగ్గాలంటే ధర పెరుగుతుంది, ధర తగ్గాలంటే ఇంకేదో వదులుకోవాలి. ల్యాప్‌టాప్ చరిత్ర అంతా ఈ బేరమే.

1991లో రెండు సంగతులు జరిగాయి. ఆపిల్ తన పవర్‌బుక్‌లో కీబోర్డును తెరవైపు వెనక్కి జరిపి, ముందు మణికట్లు ఆనించుకునే చోటు వదిలింది. ఇప్పుడు ఏ ల్యాప్‌టాప్ తెరిచినా ఆ అమరికే. అదే ఏడాది సోనీ లిథియం అయాన్ బ్యాటరీని బజారుకు తెచ్చింది. దాని వెనకున్న రసాయనశాస్త్రానికి గుడినఫ్, విటింగమ్, యోషినోలకు 2019లో నోబెల్ వచ్చింది. తేలికైన ఆ బ్యాటరీ లేకపోతే ల్యాప్‌టాప్ ఇంత తేలిగ్గా ఉండి, ఇన్ని గంటలు గోడ సాకెట్‌కు దూరంగా నడిచేది కాదు.

కంప్యూటర్ మన హైదరాబాద్‌కు కొత్తేమీ కాదు. బార్క్ 1969లో రూపొందించిన టీడీసీ-12 కంప్యూటర్‌ను ఇక్కడి ఈసీఐఎల్ తయారుచేసి అమ్మింది. కానీ ల్యాప్‌టాప్ అన్న మాట చాలా ఊళ్లకు చేరింది 90లలోనే, అదీ రాజకీయ వార్తల్లో. ముఖ్యమంత్రిగా చంద్రబాబు నాయుడు ల్యాప్‌టాప్ పెట్టుకుని బిల్ గేట్స్‌కు రాష్ట్రం గురించి వివరించిన సంగతి అప్పట్లో పెద్ద ముచ్చట. 1998లో సైబర్ టవర్స్ మొదలైంది. అప్పటికింకా ల్యాప్‌టాప్ సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో, పెద్దవాళ్ల చేతుల్లో కనిపించే వస్తువే. మామూలు ఇంటికి వస్తుందని ఎవరూ అనుకోలేదు.

ఇంటిదాకా తేవాలన్న పట్టుదల 2007లో మళ్లీ కనిపించింది. పిల్లలందరికీ 100 డాలర్ల ల్యాప్‌టాప్ అంటూ నెగ్రొపాంటే బృందం చేసిన ఎక్స్‌ఓ యంత్రం చివరికి 200 డాలర్ల దగ్గర తేలింది. అదే ఏడాది ఏసస్ 7 అంగుళాల తెరతో ఈ-పీసీ తెచ్చింది. ఆ వరసలో నెట్‌బుక్‌లు వెల్లువెత్తి, కొన్నేళ్లకే కనుమరుగయ్యాయి. కారణం తేలికే: నాలుగు వెబ్ పేజీలు తెరవగానే హ్యాంగ్ అయ్యేవి. చౌకగా ఉన్నంత మాత్రాన సరిపోయినట్టు కాదని అవి రుజువు చేశాయి. ‘సరిపడా’ అన్నదానికి కింద కూడా ఒక గీత ఉంది.

ఆ గీత ఇవాళ ఎక్కడుంది? షేరిగూడ, మంగళ్‌పల్లి, ఖానాపూర్ కాలేజీల్లో బీటెక్‌లో చేరే పిల్లలకు, ఆదిబట్లలో ఉద్యోగంలో చేరేవాళ్లకు, మీర్‌పేట్ లాంటి ఊళ్లో ఇంటి నుంచే పనిచేసేవాళ్లకు ఈ ప్రశ్న ఏటా ఎదురవుతుంది. జవాబుకు బ్రాండ్ పేరు కన్నా లోపలి సరుకు చూడాలి. ప్రపంచంలో అమ్ముడయ్యే ల్యాప్‌టాప్‌లలో చాలా భాగం క్వాంటా, కాంపాల్, విస్ట్రాన్, ఇన్వెంటెక్ లాంటి కొద్ది తైవాన్ కంపెనీలు తయారుచేసి ఇచ్చేవే. పైన స్టిక్కర్ మాత్రం అమ్మేవాళ్లది. మన మండలంలోని కొంగరకలాన్‌లో ప్లాంటు పెట్టిన ఫాక్స్‌కాన్ కూడా ఇలా ఇతరుల పేరు మీద వస్తువులు చేసిపెట్టే తైవాన్ కంపెనీయే.

లోపల మొదట చూడాల్సింది ప్రాసెసర్. పేరులోని అంకెల్లోనే కిటుకు ఉంది. ఏఎండీ రైజెన్ 5 7520యూ అని ఉంటే 7తో మొదలైంది కాబట్టి కొత్తదే అనుకుంటాం. అసలు సంగతి చెప్పేది మూడో అంకె. అక్కడ 2 ఉంటే లోపలున్నది 2019 నాటి జెన్ 2 డిజైన్. 3 ఉంటే జెన్ 3, 4 ఉంటే జెన్ 4. పక్కపక్కన పెట్టిన రెండు ‘రైజెన్ 5’ల మధ్య రెండు తరాల తేడా ఉండొచ్చు. చివరి అక్షరం కూడా చూడాలి. యూ అంటే దాదాపు 15 వాట్లతో పొదుపుగా నడిచేది, హెచ్ అంటే 45 వాట్ల దాకా లాగేది.

గేమింగ్ కథంతా ఈ వాట్లలోనే ఉంది. చిప్ పుట్టించే వేడి క్లాక్ వేగంతో పాటు పెరుగుతుంది, వోల్టేజీ వర్గంతోనూ పెరుగుతుంది. వేగం 20 శాతం పెంచడానికి వోల్టేజీ 10 శాతం పెంచాల్సి వచ్చిందనుకుందాం. 1.2ను 1.21తో గుణిస్తే 1.45. అంటే 20 శాతం లాభానికి 45 శాతం వేడి. ఆ వేడిని బయటికి పంపేది కీబోర్డు కింద ఉండే చదునైన రాగి గొట్టం, హీట్ పైప్. లోపల గాలి తీసేసి చుక్కనీరు పోసి మూస్తారు. చిప్ పక్కన ఆ నీరు ఆవిరవుతుంది. ఫ్యాన్ దగ్గరి చల్లని రెక్కల్లోకి చేరి, ఇడ్లీ పాత్ర మూతకు పట్టిన ఆవిరిలా మళ్లీ నీరవుతుంది. గొట్టం లోపలి సన్నని రాగి పొర దాన్ని పీల్చి తిరిగి చిప్ దగ్గరికి చేరుస్తుంది. చౌక మోడళ్లలో గొట్టం ఒక్కటే, ఫ్యాన్ ఒక్కటే. వేడి బయటికి పోకపోతే చిప్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. ఆట మొదటి పది నిమిషాలు సాఫీగా సాగి, తర్వాత కుదుపులు మొదలయ్యేది అందుకే. చాలా ల్యాప్‌టాప్‌లను 35 డిగ్రీల గది వేడి వరకే లెక్కగట్టి చేస్తారు. మన మే నెల మధ్యాహ్నం దాన్ని ఎప్పుడో దాటేస్తుంది. మంచం మీద, పరుపు మీద పెడితే గాలి పీల్చే రంధ్రాలు కూడా మూసుకుపోతాయి.

గ్రాఫిక్స్ కార్డుకూ ఇదే వర్తిస్తుంది. ఆర్‌టీఎక్స్ 4050 అన్న ఒకే పేరు మీద 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా రకాలున్నాయి. పేరు ఒకటే, ఆటలో కనిపించే ఫ్రేములు వేరు. షాపులో ‘గ్రాఫిక్స్ ఎంత జీబీ’ అని అడిగేవాళ్లు ఎక్కువ. ‘ఎన్ని వాట్లు’ అని అడగడం అంతకంటే ముఖ్యం. ఛార్జర్ తీస్తే ఏమవుతుందో కూడా లెక్కేసుకోవాలి. 42 వాట్-అవర్ బ్యాటరీ 7 వాట్లు వాడే టైపింగ్ పనికి 6 గంటలు వస్తుంది. 60 వాట్లు లాగే ఆటకు 42 నిమిషాలే.

ర్యామ్, స్టోరేజీల దగ్గర బేరం తేలిక. పాత హార్డ్ డిస్క్‌లో పళ్లెం తిరగాలి, సూది జరగాలి. ఒక్కో ఫైలు ముక్క వెతకడానికి సుమారు 10 మిల్లీసెకన్లు పట్టేది. ఎస్ఎస్‌డీలో కదిలే భాగమే లేదు, అందుకే పాత యంత్రానికి కూడా అది వేస్తే ప్రాణం లేచొస్తుంది. ర్యామ్ 8 జీబీ ఉంటే ఇంటర్నెట్, వర్డ్, సీ, పైథాన్ ప్రోగ్రాములు నడిచిపోతాయి. ఆండ్రాయిడ్ యాప్‌లు తయారుచేయాలన్నా, పది ట్యాబ్‌లు తెరిచి మీటింగ్‌లో కూర్చోవాలన్నా 16 కావాలి. కొన్ని పల్చని మోడళ్లలో ర్యామ్‌ను బోర్డుకే అతికించేస్తారు, తర్వాత పెంచలేం. ఖాళీ స్లాట్ ఉన్నదైతే ఇప్పుడు 8తో తీసుకుని, వచ్చే ఏడాది ఇంకో 8 వేసుకోవచ్చు. రెండూ జత కలిసి పనిచేస్తాయి కాబట్టి విడి గ్రాఫిక్స్ కార్డు లేని యంత్రంలో ఆటలు కూడా కాస్త మెరుగుపడతాయి.

బడ్జెట్ బాగా తక్కువైతే సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గరి చెనాయ్ ట్రేడ్ సెంటర్, అంటే మనం సీటీసీ అనే చోటు ఉండనే ఉంది. ఐటీ కంపెనీలు మూడు నాలుగేళ్లు వాడి తీసేసిన థింక్‌ప్యాడ్‌లు, ల్యాటిట్యూడ్‌లు, ఎలీట్‌బుక్‌లు రిఫర్బిష్డ్ పేరుతో దొరుకుతాయి. గట్టి ఒళ్లు, విప్పి బాగుచేసుకునే వీలు వీటి బలం. అయితే రెండు చూసుకోవాలి. విండోస్ 10కు ఉచిత సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు మైక్రోసాఫ్ట్ అధికారికంగా ఒప్పుకునేది ఇంటెల్ 8వ తరం నుంచే. ఐ5 పక్కన ఉన్న అంకె 6 లేదా 7తో మొదలైతే లినక్స్ వేసుకుంటాననుకున్నవాళ్లే కొనాలి. రెండోది, బ్యాటరీ రిపోర్ట్ తీయించండి. అందులో ‘డిజైన్ కెపాసిటీ’ 50,000 ఉండి ‘ఫుల్ ఛార్జ్ కెపాసిటీ’ 25,000 ఉంటే బ్యాటరీ సగం అరిగిపోయినట్టే. కొత్త బ్యాటరీ ఖర్చు ధరలోంచి తగ్గించమనండి.

ఇక ఎవరికి ఏది? మొదటి ఏడాది బీటెక్ విద్యార్థికి ఖాళీ ర్యామ్ స్లాట్ ఉన్న యూ రకం ప్రాసెసర్, 512 జీబీ ఎస్ఎస్‌డీ, రోజూ మోయగల బరువు చాలు. సీనియర్లు చెప్పారని 2.3 కిలోల గేమింగ్ యంత్రం కొంటే, దాని ఛార్జర్ కూడా కలిపి నాలుగేళ్లు సాగర్ రోడ్డు బస్సులో మోయాలి. ఆఫీసు పనివాళ్లకు ర్యామ్ 16, కళ్లకు ఇబ్బంది లేని తెర, మంచి కీబోర్డు ముఖ్యం. ఆటలే ముఖ్యమైనవాళ్లు గ్రాఫిక్స్ కార్డు వాట్లు, ఫ్యాన్లు చూసి, బ్యాటరీ మీద ఆశ వదులుకోవాలి. మూడూ ఒక్క దాంట్లోనే కావాలంటే డబ్బు పెరుగుతుంది. పైగా రూ.50,000 బిల్లులో రూ.7,627 దాకా 18 శాతం జీఎస్టీకే పోతుంది. ఆ డబ్బు లేనప్పుడు వారంలో ఎక్కువ గంటలు చేసే పనికే పెద్దపీట వేయాలి, మిగిలినవాటికి సర్దుకోవాలి.

వచ్చే నెల కొత్త మోడల్ వస్తుందట, ఆగమని చెప్పేవాళ్లు ప్రతి వీధిలోనూ ఉంటారు. ఈ రంగంలో ఆ మాట ఏ నెలలో అన్నా నిజమే. అందుకే దాన్ని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. సెమిస్టర్ ఎప్పుడు మొదలవుతుందో, ఉద్యోగంలో ఎప్పుడు చేరాలో ఆ తేదీయే కొనే తేదీ. ఆ రోజున దొరికేవాటిలో మీ పని గీతకు కాస్త పైన ఉన్నది తీసుకుని, బిల్లు భద్రంగా దాచుకుని, ధరలు చూడటం మానేయండి.