అరసవల్లి కిరణాలు: పిల్లలు అడిగితే ఏం చెబుదాం?



అక్టోబర్ దగ్గర పడుతుంటే మన వాట్సాప్ గ్రూపుల్లో ఒక వీడియో తిరగడం మొదలవుతుంది. అరసవల్లి గుడిలో ఉదయపు ఎండ సూర్యనారాయణ స్వామి పాదాలను తాకే దృశ్యం. కింద "సైన్సుకు కూడా అందని అద్భుతం" అని రాసి ఉంటుంది. అద్భుతం అన్న మాటతో మాకు పేచీ లేదు. సైన్సుకు అందదు అంటేనే ఆ గుడి కట్టినవారికి అన్యాయం చేసినట్టు. వాళ్లకు ఆకాశం లెక్క బాగా తెలుసు. ఆ లెక్క మీ ఇంట్లో ఆరో తరగతి చదివే పిల్లలకు కూడా అందుతుంది.

సూర్యుడు తూర్పున ఉదయిస్తాడని మనందరం చదువుకున్నాం. నిజానికి సరిగ్గా తూర్పున ఉదయించేది ఏడాదికి రెండుసార్లే, మార్చి 20, సెప్టెంబర్ 22 తేదీల ప్రాంతంలో. శ్రీకాకుళం నుంచి గానీ విజయనగరం నుంచి గానీ చూస్తే జూన్ 21 నాటికి సూర్యోదయం తూర్పుకు ఎడమగా, అంటే ఉత్తరం వైపు, సుమారు 25 డిగ్రీలు జరుగుతుంది. డిసెంబర్ 21 నాటికి అంతే దూరం కుడివైపుకు వస్తుంది. చెయ్యి బారజాపి పిడికిలి బిగిస్తే ఆ పిడికిలి వెడల్పు ఆకాశంలో దాదాపు పది డిగ్రీలు. రెండున్నర పిడికిళ్లు ఇటు, రెండున్నర పిడికిళ్లు అటు. ఈ రెండు కొసల మధ్య సూర్యోదయం ఊయలలా ఊగుతుంది. అందుకే మధ్యలో ఏ చోటునైనా ఏడాదికి రెండుసార్లు దాటుతుంది, వెళ్లేటప్పుడొకసారి, వచ్చేటప్పుడొకసారి.

ఇప్పుడు అరసవల్లి తేదీలు చూడండి. కిరణాలు పడేది మార్చి 9, 10 ప్రాంతంలో, మళ్లీ అక్టోబర్ 1, 2 ప్రాంతంలో. క్యాలెండర్ ఇచ్చి పిల్లలతో లెక్కపెట్టించండి. అక్టోబర్ 2 నుంచి డిసెంబర్ 21 వరకు 80 రోజులు. అక్కడి నుంచి మార్చి 10 వరకు 79 రోజులు. అంటే డిసెంబర్ కొసకు ఇరువైపులా దాదాపు సమాన దూరం. ఈ రెండు వేళల్లోనూ సూర్యుడు ఒకే చోట, తూర్పుకు నాలుగు డిగ్రీల దక్షిణంగా ఉదయిస్తాడు. గుడి ద్వారాల వరస ఆ దిక్కుకు దారి ఇస్తుంది.

మరి రెండు మూడు రోజులే ఎందుకు? మార్చి, అక్టోబర్ నెలల్లో సూర్యోదయ స్థానం చాలా వేగంగా జరుగుతుంది. రోజుకు దాదాపు సూర్యబింబం వెడల్పంత. మూడు రోజులు గడిచేసరికి కిరణం ద్వారం గోడకు తగిలి ఆగిపోతుంది. డిసెంబర్ చివర్లో అయితే సూర్యోదయం వారం రోజులు కదిలీ కదలనట్టు ఉంటుంది. రథసప్తమి నాడు కిరణాలు పడతాయని కొందరు అనుకుంటారు. ఆ పండుగ జనవరి చివర్లోనో ఫిబ్రవరిలోనో వస్తుంది, అప్పటికి సూర్యుడు ఇంకా బాగా దక్షిణంగానే ఉంటాడు.

ఈ ఆలోచన మనవారొక్కరిదే కాదు. ఈజిప్టులో మూడు వేల ఏళ్లకు పైబడిన అబూ సింబెల్ గుడి గర్భాలయంలోకి ఫిబ్రవరి 22, అక్టోబర్ 22 ప్రాంతంలో ఎండ చేరుతుంది. ఆ తేదీలను కూడా డిసెంబర్ 21కి అటూ ఇటూ లెక్కపెట్టి చూడండి. 1960ల్లో ఆనకట్ట నీటిలో మునిగిపోకుండా ఆ గుడిని ముక్కలుగా కోసి ఎత్తైన చోట మళ్లీ కట్టినప్పుడు ఇంజనీర్లు ఈ దిక్కును జాగ్రత్తగా కాపాడారు.

అరసవల్లి గుడిని తూర్పు గాంగ రాజు దేవేంద్రవర్మ కట్టించాడని చెబుతారు. ఇప్పుడు మనం చూసే కట్టడంలో చాలా భాగం తర్వాతి కాలాల్లో బాగు చేసినదే. ఆ గాంగుల రాజధాని కళింగనగరం మన ముఖలింగమే. వాళ్ల రాగి శాసనాల్లో గ్రహణం నాడో, ఉత్తరాయణం నాడో భూమి దానం చేసినట్టు రాసుకున్నారు. తేదీలు గాంగ శకంలో ఉండేవి. ఆ శకం ఎప్పుడు మొదలైందో చాలాకాలం తేలలేదు. చరిత్రకారులకు దారి చూపినవాటిలో గ్రహణాలు ముఖ్యమైనవి. ఏ గ్రహణం ఎప్పుడు పట్టిందో వెనక్కి లెక్కకట్టవచ్చు కదా! అలా శకారంభం క్రీ.శ. 498 ప్రాంతంలో అని ఎక్కువమంది ఒప్పుకున్నారు. ఆర్యభటుడు తన గ్రంథానికి ఆధారంగా తీసుకున్న ఏడు 499. గ్రహణమంటే నీడల ఆట అని అందులో ఆయన స్పష్టంగా చెప్పాడు. గ్రహణం రోజున పిల్లలు "రాహువు నిజంగా మింగుతాడా?" అని అడిగితే ఆయన పేరు చెప్పవచ్చు.

ఉత్తరాయణం సంగతి ఇంకా ఆసక్తికరం. సూర్యుడు ఉత్తరం వైపు తిరిగేది డిసెంబర్ 21, 22 తేదీల్లో. మన మకర సంక్రాంతి జనవరి 14, 15న. పంచాంగం నక్షత్రాలను బట్టి లెక్కిస్తుంది, భూమి అక్షం మెల్లగా తిరగడంవల్ల సుమారు 72 ఏళ్లకు ఒక రోజు చొప్పున తేడా పెరుగుతూ వచ్చింది. ఆర్యభటుడి కాలంలో ఈ రెండింటి మధ్య దూరం చాలా తక్కువ.

దూరదర్శిని వచ్చాక కూడా మన తీరం వెనకబడలేదు. గోడే వెంకట జగ్గారావు 1840 ప్రాంతంలో విశాఖపట్నంలో సొంత వేధశాల పెట్టారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు 1874 డిసెంబర్ 9న శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా వెళ్లడాన్ని అక్కడి నుంచే పరిశీలించారు.

మీ మేడ మీద ఒకచోట సుద్దముక్కతో గుర్తు పెట్టండి. ప్రతి ఆదివారం తెల్లవారుజామున పిల్లలు అక్కడే నిలబడి సూర్యుడు ఏ కొబ్బరిచెట్టు పక్కన, ఏ వాటర్ ట్యాంకు పక్కన పైకొచ్చాడో నోట్‌బుక్‌లో బొమ్మ వేయాలి. బైనాక్యులర్‌తో మాత్రం సూర్యుణ్ని చూడనివ్వకండి, ఎండ పెరిగాక నేరుగా కూడా చూడకూడదు. నాలుగు వారాలకే ఊయల కదలిక తెలిసిపోతుంది. అరసవల్లి వెళ్లాలనుకుంటే సూర్యోదయానికి చాలా ముందే చేరుకోండి, జనం ఎక్కువ. అక్టోబర్‌లో మబ్బు పట్టిందంటే మళ్లీ మార్చి దాకా ఆగాల్సిందే.