మనసు కలిసే మనుషుల కోసం

గుంటూరు, ప్రకాశం ప్రాంతాల మిర్చి, పత్తి పల్లెల్లో ముస్లిం కుటుంబాలు చాలాచోట్ల పదో పదిహేనో గడపలుగా ఉంటాయి. ఇంట్లో ఉర్దూ మాట్లాడినా బడిలో, పొలంలో, బజారులో తెలుగే. నూర్‌బాషా కుటుంబాల్లోనైతే వంటింట్లోనూ తెలుగే. ఇలాంటి ఇంటి పిల్లవాడు సెల్‌ఫోన్‌లో ఫేస్‌బుక్కో యూట్యూబో తెరిస్తే ముందుగా ఏం కనిపిస్తుంది? ఢిల్లీ, లక్నోల నుంచి ఉర్దూ ప్రసంగాలు. తెలుగులో మన ఊసెత్తేవి చాలావరకు మనమీద కోపంతో చేసినవి, లేదా ఆ కోపానికి రెట్టింపు కోపంతో జవాబిచ్చేవి. ఒక తగాదా వీడియో దగ్గర కాసేపు ఆగామా, అలాంటివే మరో పది తెచ్చి ముందు పోస్తుంది ఆ యంత్రం. మనలాగే కోపం వచ్చినవాళ్లను చూపించడం దానికి తేలిక. మనలాగే ఆలోచించేవాళ్లను మాత్రం మనమే వెతుక్కోవాలి.

ఈ వెతుకులాటకు ఒక దారి మన వినుకొండలోనే ఉంది. చరిత్ర రచయిత సయ్యద్ నశీర్ అహమ్మద్ గారు 2010లో ‘అక్షరశిల్పులు’ అనే పుస్తకం వెలువరించారు. వినుకొండలోని ఆజాద్ హౌస్ ఆఫ్ పబ్లికేషన్స్ దాన్ని ప్రచురించింది. తెలుగులో రాస్తున్న ముస్లిం కవులు, రచయితలు ఎవరెవరు, ఎక్కడెక్కడ ఉన్నారన్నదే పుస్తకం. మూడు వందల మందికి పైగా వివరాలు అందులో ఉన్నాయి. పుట్టిన ఊరు, తల్లిదండ్రులు, చదువు, ఉద్యోగం, రచనలు, చిరునామా, ఫోను నంబరు. వీటితోపాటు మరో చిన్న మాట కూడా ఉంటుంది: ‘లక్ష్యం’. ఈ మనిషి ఎందుకు రాస్తున్నాడు అన్నది ఒక్క వాక్యంలో.

నన్నడిగితే పుస్తకం మొత్తానికీ విలువైనది ఆ ఒక్క వాక్యమే. ఫేస్‌బుక్‌లో ఒకరి పేరు నొక్కితే ఎంతమంది వెంట ఉన్నారో అంకె కనిపిస్తుంది గానీ ఎందుకు రాస్తున్నాడో కనిపించదు. అది మనమే కనిపెట్టాలి. నిన్నటి పోస్టు ఒక్కటే చూసి వెంటపడకుండా ఏడాది వెనక్కి వెళ్లి చదవాలి. పోయిన రంజాన్‌లో ఏం రాశాడు? ఎన్నికలప్పుడు ఏం రాశాడు? ఎవరైనా తప్పు చూపిస్తే దిద్దుకున్నాడా, తిట్టాడా? కళ్లంలో కూర్చుని ఎర్రకాయ నుంచి తాలు ఏరే ఆడవాళ్లకు ఉండే ఓపిక దీనికీ కావాలి.

పేరుతో వెతికితే మాత్రం తిప్పలే. గుంటూరు కాలే మస్తాన్ షా దర్గా పుణ్యమా అని మన వైపు మస్తాన్‌వలీలకు లెక్కలేదు. పైగా ‘షేక్’ అన్న మాటనే ఇంగ్లీషులో తలా ఒక స్పెల్లింగుతో రాస్తారు. అందుకని తెలుగు అక్షరాల్లో వెతకండి. మనిషి పేరుకు బదులు పుస్తకం పేరు కొట్టి చూడండి. ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’ (1991), స్కైబాబ సంపాదకత్వంలో వచ్చిన ‘జల్‌జలా’ (1998), ‘వతన్’ (2004) వంటివి. వాటి గురించి ఇవాళ ఎవరు మాట్లాడుతున్నారో, ఆ మాటల కింద ఎవరు నిదానంగా జవాబు రాస్తున్నారో చూస్తే, ఒకరి నుంచి మరొకరు దొరుకుతారు. తెలుగు వికీపీడియాలో చాలామంది ముస్లిం రచయితల పేజీలకు ఆధారం ‘అక్షరశిల్పులు’ పుస్తకమే. అక్కడి నుంచైనా మొదలుపెట్టవచ్చు.

దొరికినవాళ్లంతా మనం తానంటే తందానా అనేవాళ్లే అయితే ఆ స్నేహం వల్ల ఒరిగేదేమీ లేదు. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో దూదేకుల ఇంట పుట్టి, 1986లో పద్మశ్రీ అందుకున్న షేక్ నాజర్ గారి బుర్రకథ చూసిన పెద్దలు ఇంకా ఉన్నారు. బుర్రకథలో కథకుడి పక్కన ఇద్దరు వంతలు ఉంటారు. ఒకరు నవ్విస్తారు, మరొకరు నడుస్తున్న రాజకీయాన్ని కథలోకి లాగుతారు. తందాన పాడుతూనే అడ్డం తగిలి ప్రశ్నలూ వేస్తారు. మన ఫోనులోనూ అలాంటివాళ్లు ఒకరిద్దరుండాలి. వాళ్లు ముస్లిములే కానక్కర్లేదు. మంచి స్నేహితుణ్ణి అత్తరు అమ్మేవాడితోనూ, చెడ్డ స్నేహితుణ్ణి కొలిమి తిత్తి ఊదేవాడితోనూ దైవప్రవక్త (స) పోల్చిన హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. పక్కన కూర్చున్నందుకే పరిమళం అంటుతుంది, పక్కన కూర్చున్నందుకే బట్ట కాలుతుంది. సెల్‌ఫోన్ రోజుకు ఎన్ని గంటలు మన పక్కన కూర్చుంటోందో ఎవరికి వారే లెక్క చూసుకోవచ్చు.

ఆడపిల్లల సంగతి కాస్త వేరు. 2021 జూలైలో ‘సుల్లీ డీల్స్’, 2022 జనవరిలో ‘బుల్లీబాయి’ పేర్లతో ముస్లిం మహిళల ఫొటోలను వేలం సరుకులా పెట్టిన దుర్మార్గం తెలిసిందే. పోలీసులు అరెస్టులు చేశారు గానీ, ఇళ్లలో భయం అలాగే ఉంది. ఆ భయంతో బిడ్డ చేతిలోంచి ఫోను లాక్కున్న తల్లిదండ్రులను తప్పుపట్టలేం. అయినా చదువుకున్న పిల్లకు తనలా ఆలోచించే మరో పిల్ల ఎక్కడో నంద్యాలలోనో నల్గొండలోనో ఉందని తెలియకపోవడం చిన్న నష్టమేమీ కాదు. ఫొటో పెట్టకుండా, ఫోను నంబరు చూపకుండా, తెలిసినవాళ్లకే కనిపించేలా ఖాతా పెట్టుకునే వీలు ఈ కంపెనీల్లో చాలావరకు ఇచ్చాయి. అమ్మో అన్నో పక్కన కూర్చుని ఆ మార్పులు చేయించడానికి పావుగంట చాలు. మొదట చదవడమే, రాయడం తర్వాత.

‘అక్షరశిల్పులు’ వచ్చి పదిహేనేళ్లు దాటింది. అందులో నంబర్లు అచ్చువేసినట్టు ఇప్పుడు వేయడం క్షేమం కాదు. కానీ నరసరావుపేటలోనో మార్కాపురంలోనో చదువుకున్న కుర్రాళ్లు నలుగురు కూర్చుంటే, తమ ఊళ్ల నుంచి తెలుగులో మంచి మాట రాసేవాళ్ల జాబితా ఒకటి తయారవుతుంది. పేరు, ఊరు, ఏం రాస్తారు, లక్ష్యం. ఈ నాలుగు గడులు చాలు. నాలుగోది మాత్రం ఆ రాసేవారినే అడిగి, వారి మాటల్లోనే నింపాలి.